పాలపళ్ల వయసు, పెద్దల బరి: ఫిగర్ స్కేటింగ్‌లో జూనియర్, సీనియర్ హద్దుల చరిత్ర

పల్నాటి సీమకు పోటీలో వయసు హద్దు గీయడం కొత్త కాదు. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాలలో తిరునాళ్లకూ పండుగలకూ జరిగే ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పందేలలో జతలను పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు చేసి, ఆ పైన జూనియర్లు, సీనియర్లు అని మరి రెండు మెట్లు పెడతారు. పశువు కింది దవడలో ముందున్న ఎనిమిది పాలపళ్లలో నడిమి జత సుమారు రెండేళ్ల ప్రాయంలో ఊడి పెద్దపళ్లు వస్తాయి, ఆ తరువాత ఇరువైపులా ఒక్కొక్క జతే మారుతూ పోతుంది గనుక, పుట్టిన తేదీ రాసిన కాగితం లేకున్నా నోరు తెరిచి చూస్తే వయసు తెలుస్తుంది. ఇదే సీమ తన వీరగాథలో మాత్రం వయసు హద్దు దాటినవాణ్నే కొలుస్తుంది. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రలో బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు బొంగరాలాడే ప్రాయంలో, పెద్దలు ఆపజూసినా ఆగక, కారెంపూడి రణరంగానికి నడిచిన కథ ఉన్నది. కారెంపూడిలో ఏటా జరిగే వీరారాధన ఉత్సవాలలో ఆ పిల్లవాడిని నేటికీ తలచుకుంటారు. లేతవయసును కాపాడాలన్న జాగ్రత్త, లేతవయసు తెగువను చూసి మురిసిపోయే అభిమానం ఇలా ఒకే నేలమీద పక్కపక్కనే బతుకుతున్నాయి. ఆధునిక క్రీడలలో ఈ రెండు భావాలూ బాహాటంగా ఢీకొన్న ఆట ఫిగర్ స్కేటింగ్.

రెంటచింతల ఎండలకు పేరుపడిన ప్రాంతంలో ఈ ఆటను కొంత వివరించి చెప్పవలసి ఉంటుంది. ఉక్కు పలక అమర్చిన బూట్లు తొడుక్కొని, గడ్డకట్టించిన నీటి మైదానం మీద, సంగీతానికి అనుగుణంగా గాలిలోకి ఎగిరి తిరగడం, ఒకేచోట నిలిచి గిరగిర తిరగడం, పలక అంచులతో వంపులు గీయడం ఇందులో ప్రధానాంశాలు. ఆ మైదానాన్ని రింక్ అంటారు. ఈ క్రీడను నడిపే అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య 1892లో నెదర్లాండ్స్‌లోని షెవెనింగెన్‌లో ఏర్పడగా, తొలి ప్రపంచ పోటీ 1896లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరిగి జర్మనీకి చెందిన గిల్బర్ట్ ఫూక్స్ విజేత అయ్యాడు. స్త్రీలు పాల్గొనరాదని నియమాలలో ఎక్కడా రాసి లేకపోవడం గమనించి 1902లో లండన్ పోటీలో పురుషుల మధ్య నిలిచిన మ్యాజ్ సయర్స్ రెండవ స్థానం సంపాదించింది. స్త్రీలకు వేరుగా ప్రపంచ పోటీ 1906లో గాని రాలేదు. వయసు విషయంలోనూ ఇదే వరుస కనబడుతుంది: నియమం ముందు పుట్టి ఆటగాళ్లు దానికి లోబడటం కాక, ఎవరో ఒక చిన్నారి వచ్చి నిలిచిన తరువాత నియమం దిద్దుకోవడమే ఈ ఆట చరిత్రలో మళ్లీ మళ్లీ జరిగింది.

తొలి దశాబ్దాలలో జూనియర్, సీనియర్ అన్న అంతర్జాతీయ విభజనే లేదు. 1924లో ఫ్రాన్స్‌లోని షామొనీలో జరిగిన తొలి శీతాకాల ఒలింపిక్స్‌లో నార్వే బాలిక సోంజా హెనీ 11 ఏళ్ల ప్రాయంలో పెద్దలతోపాటే బరిలోకి దిగి, ఎనిమిదిమందిలో ఎనిమిదవ స్థానంలో నిలిచింది. మూడేళ్లు గడిచేసరికి, 1927లో ఓస్లోలో, 14 ఏళ్లకే ప్రపంచ విజేత అయింది. ఆనాటి అయిదుగురు న్యాయనిర్ణేతలలో ముగ్గురు నార్వే వారే కావడం, ఆ ముగ్గురే ఆమెకు మొదటి స్థానం ఇవ్వడం వల్ల రేగిన అలజడి, ఒక దేశానికి ఒక్క న్యాయనిర్ణేతే ఉండాలన్న నియమానికి దారితీసింది. ఆమె వయసును గురించి మాత్రం ఏ నియమమూ పుట్టలేదు. 1936 వరకు వరుసగా పది ప్రపంచ టైటిళ్లు, మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన హెనీ తన వెనుక ఒక బాటను వదిలిపోయింది. 1932లో అమెరికాలోని లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌కు బ్రిటన్ పంపిన మెగన్ టేలర్, సిసిలియా కాలెజ్ ఇద్దరికీ అప్పటికి 11 ఏళ్లే. వారు వరుసగా ఏడు, ఎనిమిది స్థానాలలో నిలిచారు. కాలెజ్ 1937లోనూ, టేలర్ 1938, 1939లలోనూ ప్రపంచ విజేతలయ్యారు.

ఇంత చిన్నవారు పెద్దల బరిలో కనబడినా, వారు వచ్చీరాగానే గెలవకపోవడానికి బలమైన కారణం ఒకటి ఉన్నది. ఆ కాలపు పోటీలో అధిక భాగం ఫిగర్లది. మంచు మీద ఎనిమిది అంకె ఆకారాన్నీ, దాని రకరకాల రూపాలనూ ఒకే పాదంపై నిలిచి గీసి, అదే గీత మీద వెంట్రుకవాసి తేడా రాకుండా మళ్లీ మళ్లీ సాగడమే ఫిగర్ అనబడే నిర్బంధాంశం. ఆటకు ఆ పేరు వచ్చిందే దీనివల్ల. న్యాయనిర్ణేతలు మైదానంలోకి దిగి, వంగి, ఆ గీతలను పరిశీలించి మార్కులు వేసేవారు. ఈ విద్య ఏళ్ల తరబడి నిత్య సాధనతో గాని పట్టుబడదు. తేలికైన దేహం, భయమెరుగని మనసు ఇక్కడ అక్కరకు రావు. మొత్తం మార్కులలో ఫిగర్ల వాటా చాలాకాలం 60 శాతం ఉండటం వల్ల, వయసు హద్దు రాసి పెట్టకపోయినా అనుభవమే ఒక కంచెగా నిలిచి, పిల్లలను కొన్నేళ్లపాటు వెనుక వరుసలో ఉంచింది.

టెలివిజన్ ఆ కంచెను పడగొట్టింది. గీతల పరీక్ష గంటల తరబడి సాగేది. తెర మీద దాన్ని చూపడానికి వీలు లేదు, చూపినా ప్రేక్షకుడికి అందులో రుచి లేదు. 1972 సప్పొరో ఒలింపిక్స్‌లో ఆస్ట్రియాకు చెందిన బియాట్రిక్స్ షూబా, సంగీతంతో సాగే స్వేచ్ఛా ప్రదర్శనలో ఏడవ స్థానంలో నిలిచి కూడా, ఫిగర్లలో సంపాదించిన ఆధిక్యంతో స్వర్ణం గెలిచింది. ఆ ప్రదర్శనలో అందరికన్నా ముందు నిలిచిన అమెరికా క్రీడాకారిణి జానెట్ లిన్‌కు కాంస్యం దక్కింది. తాము చూసిన దానికీ వచ్చిన ఫలితానికీ పొంతన కుదరక ప్రేక్షకులు తికమకపడ్డారు. అప్పటికే 1968లో 50 శాతానికి తగ్గిన ఫిగర్ల వాటా, 1973లో షార్ట్ ప్రోగ్రామ్ అనే చిన్న ప్రదర్శన వచ్చి చేరడంతో 40 శాతానికీ, 1976లో 30 శాతానికీ దిగి, 1990 నాటి హాలిఫాక్స్ ప్రపంచ పోటీలతో పూర్తిగా అంతరించింది. ఫిగర్లను తీసివేసినవారు ఆటను ఆకర్షణీయం చేయాలనుకున్నారే గాని, పెద్దల విభాగంలోకి పిల్లలకు తలుపు తెరుస్తున్నామని తలచినట్లు కనబడదు. అయినా జరిగింది అదే.

ఈ మార్పు నడుస్తున్న కాలంలోనే జూనియర్ విభాగమూ రూపు కట్టుకున్నది. 1976లో ఫ్రాన్స్‌లోని మెజేవ్‌లో తొలి అంతర్జాతీయ జూనియర్ పోటీ జరిగింది. మరుసటి ఏడు కూడా అక్కడే జరిగిన ఆ పోటీకి 1978 నుంచి ప్రపంచ జూనియర్ చాంపియన్‌షిప్ అన్న పేరు స్థిరపడింది. 1997-98 సీజన్‌లో, వేర్వేరు దేశాలలో వరుసగా జరిగి చివర ఫైనల్‌తో ముగిసే జూనియర్ గ్రాండ్ ప్రీ వచ్చింది. సీజన్ అంటే ఇక్కడ జులై 1న మొదలై మరుసటి జూన్ నెలాఖరుకు ముగిసే ఏడాది. వయసు లెక్కకు కూడా జులై 1నే గీటురాయి. ఏకాంశ పోటీలో, అంటే ఒంటరిగా ఆడే విభాగంలో, ఆ తేదీ నాటికి 13 ఏళ్లు నిండి 19 నిండనివారు జూనియర్లు. అంతకన్నా కింద నొవీస్ అనే బాలల మెట్టు ఉన్నది. జూనియర్ల స్వేచ్ఛా ప్రదర్శన సీనియర్ల దానికన్నా అరనిమిషం తక్కువ. వారి షార్ట్ ప్రోగ్రామ్‌లో ఏ జంప్ చేయాలో ఏడాదికేడాది ముందుగానే నిర్ణయిస్తారు, నాలుగు చుట్ల జంప్‌కు అందులో చోటు ఉండదు.

జూనియర్ మెట్టుకు పైహద్దు 19 అయినప్పుడు, సీనియర్ మెట్టుకు కిందిహద్దు అంతకన్నా తక్కువైతే, నడుమ రెండు విభాగాలకూ చెందిన ప్రాయం ఒకటి మిగులుతుంది. ఒకే స్కేటర్ ఒకే సీజన్‌లో జూనియర్ ప్రపంచ పోటీలోనూ సీనియర్ ప్రపంచ పోటీలోనూ నిలిచే విచిత్రం ఈ ఉమ్మడి ప్రాయంలోనే సంభవిస్తుంది. ఆటలో పెద్ద వివాదాలన్నీ ఈ కొద్దిపాటి జాగాలోనే పుట్టాయంటే అతిశయోక్తి కాదు.

ఫిగర్లు పోయిన ఫలితం రెండేళ్లకే కనబడింది. అమెరికాలో విభాగం మారాలంటే వయసు కాక పరీక్ష ప్రమాణం. నిర్ణీత పరీక్షలో నెగ్గినవారు దేశీయ పోటీలలో పై మెట్టుకు అర్హులవుతారు. 1992లో జాతీయ జూనియర్ పోటీలో తొమ్మిదవ స్థానంతో తృప్తిపడవలసి వచ్చిన మిషెల్ క్వాన్, 12 ఏళ్ల ప్రాయంలో, కోచ్ ఫ్రాంక్ కారల్‌కు ఇష్టం లేకపోయినా ఆ సీనియర్ పరీక్షకు కూర్చొని నెగ్గి, మరుసటి ఏడాది జాతీయ సీనియర్ పోటీలో ఆరవ స్థానం సంపాదించింది. 1993 డిసెంబరులో కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రపంచ జూనియర్ విజేత అయిన ఆమె, అదే సీజన్‌లో 1994 మార్చిలో జపాన్‌లోని చిబాలో జరిగిన సీనియర్ ప్రపంచ పోటీలో ఎనిమిదవ స్థానంలో నిలిచింది. అప్పటికి ఆమెకు 13 ఏళ్లు. ఆ తరువాత అయిదు ప్రపంచ టైటిళ్లు గెలిచిన క్వాన్ జీవితాన్ని చూస్తే, తొందరపడి పై మెట్టు ఎక్కినవారందరూ తొందరగానే దిగిపోతారన్న వాదం పూర్తిగా నిలవదు.

ఆమె వెంబడే వచ్చిన టారా లిపిన్‌స్కీ కథ వేరు. 1995-96 సీజన్‌లో బ్రిస్బేన్‌లో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీలో అయిదవ స్థానంలో నిలిచిన ఈ బాలిక, కొద్ది నెలలకే ఎడ్మంటన్‌లో సీనియర్ ప్రపంచ పోటీలో పదిహేనవ స్థానం పొందింది. ఆ 1996లోనే సమాఖ్య సీనియర్ ప్రపంచ పోటీలకు కనీస వయసు 15గా నిర్ణయించింది. ఆ లెక్కన 1997లో లిపిన్‌స్కీకి చోటు లేదు. అయితే అంతకుముందే సీనియర్ ప్రపంచ పోటీలో పాల్గొన్నవారికి కొత్త నియమం వర్తించదని మినహాయింపు ఇచ్చినందువల్ల ఆమె బరిలో నిలిచి, 14 ఏళ్లకే ప్రపంచ విజేత అయి, సోంజా హెనీ డెబ్బై ఏళ్లనాటి రికార్డును సుమారు నెలరోజుల తేడాతో చెరిపివేసింది. 1998లో నగానో ఒలింపిక్స్‌లో క్వాన్‌ను వెనుకకు నెట్టి 15 ఏళ్లకు స్వర్ణం గెలిచిన లిపిన్‌స్కీ, ఆ వసంతంలోనే పోటీల నుంచి తప్పుకొన్నది. 2000లో ఆమె తుంటికి శస్త్రచికిత్స జరిగింది. ఒక స్కేటర్ జీవితంలో జూనియర్ మెట్టు నుంచి ఒలింపిక్ స్వర్ణం దాకా, అక్కడి నుంచి నిష్క్రమణ దాకా మూడేళ్లు పట్టలేదు.

నియమం చేసినవారు దానికి మరో కన్నం కూడా విడిచిపెట్టారు. ప్రపంచ జూనియర్ పోటీలో పతకం గెలిచినవారు వయసు చాలకపోయినా సీనియర్ ప్రపంచ పోటీకి రావచ్చునన్నది ఆ వెసులుబాటు. 1998 నవంబరులో జాగ్రెబ్‌లో జూనియర్ రజతం గెలిచిన సారా హ్యూస్ ఆ దారినే 13 ఏళ్ల ప్రాయంలో 1999 హెల్సింకీ ప్రపంచ పోటీకి వచ్చి ఏడవ స్థానంలో నిలిచింది. 2002లో సాల్ట్ లేక్ సిటీలో ఒలింపిక్ విజేత అయింది. ఈ వెసులుబాటును తరువాత మూసివేశారు. ప్రతిభ గల పిల్లను ఆపడానికి మనసొప్పక సందు విడవడం, ఆ సందున వచ్చిన పిల్ల గెలిచాక సందు పూడ్చడం, ఈ ఆట పరిపాలనలో అలవాటుగా మారింది.

సందు పూడ్చిన తరువాత ఆ అలవాటుకు తగిలిన తొలి దెబ్బ జపాన్ బాలిక మావో అసాదాకు సంబంధించినది. 2005లో ప్రపంచ జూనియర్ విజేత అయిన అసాదా, అదే సంవత్సరం డిసెంబరులో టోక్యోలో జరిగిన సీనియర్ గ్రాండ్ ప్రీ ఫైనల్‌లో, అప్పటి ప్రపంచ విజేత ఇరీనా స్లుత్‌స్కయాను ఓడించింది. గ్రాండ్ ప్రీకి కనీస వయసు అప్పట్లో 14. ఒలింపిక్స్‌కు జులై 1 నాటికి 15 నిండాలి. అసాదా 1990 సెప్టెంబరు 25న పుట్టినందున 87 రోజుల తేడాతో 2006 టూరిన్ ఒలింపిక్స్‌కు అనర్హురాలైంది. పెద్దలలో మేటి అని నిరూపించుకున్న ఆ పిల్ల ఒలింపిక్స్ జరిగిన కొద్ది వారాలకు, ల్యుబ్లియానాలో, తిరిగి జూనియర్ల బరిలో నిలిచి కొరియాకు చెందిన కిమ్ యూనా చేతిలో ఓడి రజతం తీసుకున్నది. సీనియర్ ఫైనల్ విజేత జూనియర్ పోటీలో రెండవ స్థానంలో నిలిచిన ఆ సీజన్‌ను తలచుకుంటే, రెండు విభాగాల నడుమ తేడా ప్రతిభలో లేదని, పుట్టిన తేదీలోనే ఉన్నదని తేలుతుంది. ఆమె ఒలింపిక్స్‌కు వెళ్లి ఉంటే ఏమయ్యేదన్న వాదన జపాన్‌లో చాలాకాలం నడిచింది. ఇక ఒక సీజన్‌లో జూనియర్ గ్రాండ్ ప్రీ, సీనియర్ గ్రాండ్ ప్రీలలో ఏదో ఒకదానినే ఎంచుకోవాలన్న కట్టడి ఉన్నందున, రెండు విభాగాలలో ఆడదలచినవారు సీజన్ ఆరంభంలోనే దారి తేల్చుకోవలసి వస్తుంది. ప్రపంచ పోటీలకు అటువంటి కట్టడి లేదు.

ఇంత చిన్నవారు పెద్దలను మించడానికి భౌతికశాస్త్రంలో కారణం ఉన్నది. ఎగిరిన స్కేటర్ గాలిలో ఉండేది సెకను కూడా నిండని వ్యవధి. ఆ లోపలే మూడు చుట్లో నాలుగు చుట్లో పూర్తి కావాలంటే చేతులు, కాళ్లు ఒంటికి దగ్గరగా చేర్చి, బరువంతా నడుమ ఇరుసు దగ్గరికి తెచ్చుకోవాలి. సన్నని బొంగరం లావుపాటి బొంగరం కన్నా సులువుగా తిరిగినట్లే, భుజాలు, తుంటి ఇంకా వెడల్పు కాని దేహం తక్కువ బలంతో ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఆడపిల్లలలో యౌవనం తెచ్చే మార్పులు ఈ లెక్కను ఒక్క ఏడాదిలోనే తారుమారు చేయగలవు. అందువల్లనే స్త్రీల విభాగంలో కష్టతరమైన జంప్‌లు తరచుగా జూనియర్ల బరిలోనే ముందు పుట్టాయి. అంతర్జాతీయ పోటీలో నాలుగు చుట్ల జంప్‌ను సక్రమంగా చేసిన తొలి మహిళగా నమోదైన మికీ ఆండో ఆ పని చేసింది 2002లో హేగ్‌లో, జూనియర్ గ్రాండ్ ప్రీ ఫైనల్‌లో, 14 ఏళ్ల ప్రాయంలో. 2018లో సోఫియాలో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీలో 13 ఏళ్ల రష్యన్ బాలిక అలెగ్జాండ్రా త్రూసోవా ఒకే ప్రదర్శనలో రెండు రకాల నాలుగు చుట్ల జంప్‌లు చేసింది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే, అంతకు ముందటి సీజన్‌లో ప్రపంచ జూనియర్ విజేత అయిన అలీనా జగితోవా 15 ఏళ్లకు ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. జూనియర్ మెట్టు సీనియర్ మెట్టుకు బడిలా కాక, దాని ప్రయోగశాలలా పనిచేయసాగింది.

పురుషులలో బలం వయసుతో పెరుగుతుంది గనుక ఈ ఒత్తిడి అంతగా లేదు. అక్కడ రెండు విభాగాలలో ఆడటం ప్రమాదంగా కాక సోపానంగానే మిగిలింది. ఇలియా మలినిన్ 2022 మార్చిలో మోంపెలియేలో సీనియర్ ప్రపంచ పోటీలో తొమ్మిదవ స్థానంలో నిలిచి, మరుసటి నెల తాలిన్‌లో ప్రపంచ జూనియర్ విజేత అయ్యాడు. ఆ ఏడాది జూనియర్ పోటీ వాయిదా పడి సీనియర్ పోటీ తరువాత జరిగినందువల్ల వచ్చిన తలకిందుల వరుస ఇది. ఆ సెప్టెంబరులోనే లేక్ ప్లాసిడ్‌లో అతడు, అంతవరకు ఎవరూ పోటీలో చేయలేకపోయిన క్వాడ్ యాక్సెల్‌ను, అంటే ముందుకు చూస్తూ ఎగిరి నాలుగున్నర చుట్లు తిరిగే జంప్‌ను, సాధించాడు.

వయసు ప్రశ్నను ఇక దాటవేయడానికి వీలు లేకుండా చేసినది 2022 బీజింగ్ ఒలింపిక్స్. 2020లో ప్రపంచ జూనియర్ విజేత అయి, సీనియర్లలో తొలి సీజన్ ఆడుతున్న 15 ఏళ్ల కమీలా వలియేవా, రష్యన్ జట్టు సామూహిక పోటీలో మొదటి స్థానం పొందిన వెంటనే, 2021 డిసెంబరు 25న ఇచ్చిన నమూనాలో ట్రైమెటాజిడీన్ అనే నిషిద్ధ హృద్రోగ మందు ఉన్నట్లు వెల్లడైంది. 16 ఏళ్ల లోపువారిని రక్షిత వ్యక్తులుగా పరిగణించే నిబంధన వల్ల ఆమె వ్యక్తిగత పోటీలో ఆడటానికి అనుమతి లభించింది. ప్రపంచమంతా చూస్తుండగా పదే పదే పడిపోయి ఆమె నాలుగవ స్థానంలో మిగిలింది. క్రీడా వివాదాల మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2024 జనవరి 29న ఆమెపై నాలుగేళ్ల నిషేధం విధించగా, సామూహిక స్వర్ణం అమెరికాకు మారి, ఆ ఆగస్టులో పారిస్‌లో ఆ జట్టుకు అందింది. పెద్దల పతకానికి పిల్లను బాధ్యురాలిని చేయవచ్చా, చేయలేనప్పుడు ఆమెను ఆ బరిలోకి దింపవచ్చా అన్న ప్రశ్న చట్టం ఎదుట ఇంత సూటిగా అంతకుముందు నిలవలేదు. 2022 జూన్‌లో థాయిలాండ్‌లోని ఫుకెట్‌లో జరిగిన సమాఖ్య మహాసభ అనుకూలంగా 100, వ్యతిరేకంగా 16 ఓట్లతో, సీనియర్ కనీస వయసును 2023-24లో 16కు, 2024-25 నుంచి 17కు పెంచింది. దీనివల్ల ఉమ్మడి ప్రాయం నాలుగేళ్ల నుంచి రెండేళ్లకు కుదించుకుపోయింది. ఎడ్లకు నోరు చూసి చెప్పే వయసు దేహం చెప్పే వయసు. స్కేటర్లకు మాత్రం కాగితం మీది తేదీనే గతి, ఆ తేదీకి ఇరువైపులా నిలిచినవారి దేహాలలో తేడా ఎంత అన్నది ఏ నియమమూ అడగదు.

ఈ చరిత్రలో భారతదేశపు భాగం స్వల్పం, తెలుగు నేల భాగం మంచుతో నిమిత్తం లేనిది. సిమ్లాలో 1920లో ఏర్పడిన ఆరుబయటి రింక్, చలికాలపు రాత్రులలో నీరు పారించి గడ్డకట్టనిచ్చే పద్ధతి మీద నడిచింది. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం డెహ్రాడూన్‌లో కట్టిన రింక్ ఆ తరువాత చాలాకాలం మూతపడి ఉండేది. తెలుగువారికి అందినది చక్రాల స్కేటింగ్. 1863లో న్యూయార్క్‌కు చెందిన జేమ్స్ ప్లింప్టన్, పాదం వాల్చిన వైపుకు వంపు తిరిగే నాలుగు చక్రాల స్కేట్‌ను తయారుచేయడంతో మంచు మీది వంపులు గచ్చు మీదికి వచ్చాయి. మంచు మీది ఆటకు సాటిగా రోలర్ ఆర్టిస్టిక్ స్కేటింగ్ అన్న క్రీడ పెరిగి, 1947లో వాషింగ్టన్‌లో దానికి తొలి ప్రపంచ పోటీ జరిగింది. ఇందులోనూ బాలల మెట్లు, జూనియర్, సీనియర్ విభాగాలు ఉన్నాయి. మంచు మైదానం 1990లో విడిచిపెట్టిన ఫిగర్లను మాత్రం చక్రాల ఆట విడవలేదు. నేల మీద రంగుతో గీసిన వలయాల వెంట చక్రం తప్పకుండా సాగే పరీక్ష అక్కడ ఇప్పటికీ ప్రత్యేకాంశంగా నడుస్తున్నది. అనుభవానికి విలువనిచ్చే ఆ పాత కంచె ఒక మూల ఇలా మిగిలిపోయిందని చెప్పవచ్చు.

హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామ ఈ రోలర్ విద్యలోనే 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో పురుషుల ఏకాంశంలో ఒకటి, అవని పంచాల్‌తో కలిసి జంట విభాగంలో ఒకటి, రెండు కాంస్యాలు గెలిచాడు. రోలర్ క్రీడలకు ఆసియా క్రీడలలో చోటు దక్కింది ఆ ఏడాదే. అతనికి 2015 సంవత్సరపు అర్జున పురస్కారం లభించింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాగా ఏర్పడిన పల్నాడు వంటి చోట్ల ఒక పిల్లవాడు ఈ ఆటలో మొదటి మెట్టు ఎక్కాలన్నా సమతలమైన గచ్చు, ఒక శిక్షకుడు చాలు. మంచు స్కేటింగ్ అయితే ఏడాది పొడుగునా నీటిని గడ్డకట్టించి ఉంచే యంత్రాంగంతోనే మొదలు కావాలి. జూనియర్, సీనియర్ హద్దు ఎక్కడ ఉండాలన్న చర్చకు రావాలంటే ముందు పిల్లలు మైదానంలో ఉండాలి గనుక, మన ప్రాంతాలలో ఆ చర్చ ఇంకా చక్రాల మీదనే సాగగలదు.

అంతర్జాతీయ నియమం ఏదైనా, దేశీయ పోటీలలో ఎవరి పద్ధతి వారిదే. అందుచేత రెండు విభాగాలలో ఆడే పిల్లలు ఇప్పుడు ఎక్కువగా స్వదేశాలలోనే కనబడతారు. 2019 జనవరిలో 13 ఏళ్ల అలీసా ల్యూ అమెరికా సీనియర్ జాతీయ విజేత అయింది. 2018 జులై 1 నాటికి ఆమెకు 13 నిండనందున విదేశాలలో అదే సీజన్‌లో ఆమె జూనియర్ కూడా కాదు, నొవీస్ విభాగంలో ఆడింది. 2020లో ప్రపంచ జూనియర్ కాంస్యం, 2022లో బీజింగ్‌లో ఆరవ స్థానం పొంది, 16 ఏళ్లకే ఆట విడిచిపెట్టిన ల్యూ, రెండేళ్ల విరామం తరువాత తిరిగి వచ్చి 2025 మార్చిలో బోస్టన్‌లో 19 ఏళ్ల ప్రాయంలో ప్రపంచ విజేతగా నిలిచింది. 17 ఏళ్ల నియమం అమలైన తొలి ప్రపంచ పోటీ అదే.

జపాన్‌లో జూనియర్ జాతీయ పోటీలో ముందు నిలిచినవారిని సీనియర్ జాతీయ పోటీకి ఆహ్వానించే ఆచారం ఉన్నది. ఆ దారిన వచ్చిన మావో షిమాదా, 2022, 2023 సంవత్సరాలలో పెద్దల జాతీయ పోటీలో కాంస్యాలు, 2024లో రజతం గెలుచుకుంటూనే, 2023 నుంచి 2025 వరకు వరుసగా మూడుసార్లు ప్రపంచ జూనియర్ విజేత అయింది. తల్లిదండ్రులు ఆమెకు అసాదా పేరే పెట్టారు. 2008 అక్టోబరు 30న పుట్టిన షిమాదాకు 2025 జులై 1 నాటికి 17 నిండలేదు, నాలుగు నెలలు తక్కువ. 2026 మిలాన్ ఒలింపిక్స్‌కు ఆమె అర్హురాలు కాలేదు.